నీళ్ల గీత రాళ్లు

సర్వే వాళ్ల లెవెల్ గొట్టంలో కన్ను పెట్టి చూస్తే లోకం తలకిందులుగా కనిపిస్తుంది. ఇది నేను కోసిన కోత కాదు. నా కోతలు వేరే ఉన్నాయి. ఆ గొట్టంలో చూస్తుండగా పెన్నలోని చేప ఒకటి ఆకాశంలోంచి జారి మా ఓవర్‌సీరు ఒళ్లో పడిందనీ, దాన్నే పులుసు పెట్టుకుని తిన్నామనీ ఆత్మకూరు సంతలో చెప్పి, విన్నవాళ్ల చేత టీ పోయించుకున్నాను. పులుసులో ఉప్పు చాలిందా అని అడిగినవాడు కూడా ఒకడున్నాడు. కానీ తలకిందుల సంగతి మాత్రం నిజం. గొట్టంలోని అద్దాల తీరే అంత. చెట్టుకు వేళ్లు పైన, కొమ్మలు కింద. మనిషి ఆకాశానికి పాదాలు ఆనించి నడుస్తాడు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ ఏటి ఒడ్డు పల్లెల్లో ఆడవాళ్లు గొట్టం తమవైపు తిరిగితే చాలు, కుచ్చెళ్లు గట్టిగా పట్టుకుని ఎక్కడివాళ్లక్కడ కూర్చుండిపోయేవాళ్లు.

పెంచలనరసయ్య ఆ గొట్టంలో ఒకనాడు తన అవ్వను చూశాడు. ఆ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. అందుకే వాడి కథ నేను రాయాల్సి వచ్చింది.

నేను ఉదయగిరి వాణ్ణి, కొండయ్య అంటారు. దుర్గం కొండ కింద మా ఇంటిల్లిపాదీ కొయ్య గరిటెలు చెక్కేవాళ్లు. మా తాత చెక్కిన గరిటె ఎంత తేలిక అంటే, పులుసులో పెడితే ఆవిరితోపాటు పైకి లేచేదట. మా ఇంటి అటక మీద పులుసు మరకలు అందువల్ల వచ్చినవేనని మా అమ్మ చెప్పేది. అబద్ధాల్లో నేను అమ్మ పోలిక, పనిలో ఎవరి పోలికా రాలేదు. నాకు ఉలి నిలవలేదు. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పని నేర్చుకునేవాడు గరిటె చెడగొడితే దాన్ని పారేయరు, పొయ్యిలో పెట్టరు. వాడు ఆ వంకర గరిటెతోనే సంగటి తినాలి. బాగా వచ్చిన గరిటె ఒకటి చేసిన రోజున దాన్ని విరిచెయ్యొచ్చు. నేను వంకర గరిటెతో తిని తిని మూతి వంకర పోతుందని భయపడి, వీధిబడిలో నేర్చిన నాలుగక్షరాలు పట్టుకుని సర్వేలో ఖలాసీగా చేరిపోయాను. ఖలాసీ అంటే యంత్రం మోసేవాడు, అంకెలు వేసిన పొడుగాటి స్టాఫు కర్ర పట్టుకుని చెప్పిన చోట నిలబడేవాడు. తల నెరిసేదాకా నిలబడ్డాను.

ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన మరుసటేడు మా క్యాంపు సోమశిల పైన పెన్న ఒడ్డున దిగింది. అక్కడ ఏటికి అడ్డంగా కట్ట కడితే నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో ముందుగా గీత గీసి పెట్టడం మా పని. గీత అంటే నేలమీద సున్నం పూసిన రాళ్లు. ఈ రాయిదాకా నీళ్లు, దానికి పైన నేల. మా పెద్ద ఓవర్‌సీరు మల్లికార్జునం గారు. కృష్ణ అవతలి మనిషి. నవ్వితే పళ్లు అరిగిపోతాయని ఎవరో చెప్పినట్టుండేవాడు. పనిలో మాత్రం వేలెత్తి చూపడానికి లేదు.

ఆయన దగ్గరికి పని నేర్చుకోడానికి వచ్చినవాడే పెంచలనరసయ్య. అప్పటికి రెండు పుస్తకాల సంచులు, ఒక ఖాకీ నిక్కరు తప్ప వాడి దగ్గర ఏమీ లేవు. ఎక్కడో రైలెక్కి పోవాల్సినంత దూరాన ఉండే టెక్నికల్ స్కూల్లో ఓవర్‌సీరు చదువు. పుస్తకం చదువు అయిపోయింది. ఇక ఎండలో నిలబడి చేతులారా పని చేసి, చేసినట్టు పెద్ద ఓవర్‌సీరు చేత సంతకం పెట్టించుకుంటేనే చదువు పూర్తయినట్టు. సంతకం రాకపోతే ఆ చదువంతా వచ్చి కూడా రానట్టే. వాడు కోరి మా క్యాంపు వేయించుకున్నాడు. ఎందుకంటే మా గుడారాలకు కూతవేటు దూరంలో, ఏటికీ కొండకూ మధ్య ఉన్న ఏటిగడ్డ పల్లె వాడిదే. తల్లీ తండ్రీ వాంతిభేదిలో పోతే వాణ్ణి పెంచింది అవ్వ వెంగమ్మ. పల్లెలో చదువు లేదని వాణ్ణి ఉదయగిరి మిషను బడికి నడిపించుకొచ్చి, హాస్టలు దొరసాని కాళ్ల దగ్గర కూర్చోబెట్టి, వీణ్ణి మనిషిని చేసి ఇవ్వమని అడిగి పోయిన మనిషి. చేపలు ఎండబెట్టి, కూలికి పోయి, వాడు ఓవర్‌సీరు అయ్యే రోజు కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తూ ఉంది. వాడు అవుతాడనే ఆ పల్లెలో అందరూ అనుకున్నారు.

మల్లికార్జునం గారి దగ్గర పని నేర్చుకోవడం అంటే మాటలు కాదు. వచ్చీ రాగానే గొట్టంలో చూద్దామనుకున్నాడు కుర్రాడు. ఆయన చూడనివ్వలేదు. నా చేతిలో కర్ర తీసి వాడి చేతికిచ్చి, కొండయ్య చెప్పినట్టు నిలబడు అన్నాడు. గొట్టంలో చూసేవాడికి కర్ర పట్టినవాడి చేతినొప్పి తెలియాలన్నది ఆయన లెక్క. నెలపైన వాడు ఎండలో కర్ర పట్టాడు. కర్ర ఊగకుండా పట్టాలంటే ఏం చెయ్యాలని నన్ను అడిగితే, మా తాత కర్ర పట్టి నిలబడితే కాకి గూడు పెట్టుకుందని చెప్పాను. వాడు నవ్వలేదు. మర్నాడు చూస్తే ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు. కాకి కోసమట. అప్పుడు తెలిసింది, వీడు నాకంటే ఘనుడని. నన్ను మామా అని పిలవడం ఆ రోజు నుంచే.

తర్వాత కొలత గొలుసు లాగడం, ఆ తర్వాత గొట్టం. తలకిందుల అంకెలు చదవడం మొదట్లో ఎవరికైనా కష్టం. ఆరు తొమ్మిదిలా ఉంటుంది, తొమ్మిది ఆరులా ఉంటుంది. కొత్తవాళ్లు అందరూ అక్కడ తప్పుతారు. వీడు తప్పలేదు. మల్లికార్జునం గారు కూడా ఒకసారి గొట్టంలోంచి కన్ను తీసి వాడి వైపు చూసి, ఊఁ అన్నాడు. ఆయన ఊఁ అనడం అంటే ఇంకొకరు కండువా కప్పడం లాంటిది.

చివరికి ఒక ముక్క వాడికే వదిలేశాడు. గీత సోమశిల వైపు నుంచి కొండ అంచు వెంట వస్తోంది. ఆ వాగు నుంచి ఈ బండ దాకా నువ్వొక్కడివే గీత నడిపించు, రాళ్లు నాటించు, ఆపైన నేను సరిచూస్తాను, సరిపోతే సంతకం అన్నాడు. వాగుకూ బండకూ నడుమ ఉన్నది ఏటిగడ్డ పల్లె.

ఆ పొద్దు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. గొట్టం దగ్గర వాడు, కర్రతో నేను. మా సైగలు మూడే. చెయ్యి పైకి ఊపితే నేను మెరక ఎక్కాలి, కిందికి ఊపితే దిగాలి, రెండు చేతులూ బారచాపితే అక్కడే ఆగాలి, అక్కడే రాయి. నేను పల్లె దిగువన నిలబడ్డాను. వాడు చెయ్యి పైకి ఊపాడు. కొంచెం ఎక్కాను. ఇంకా పైకన్నాడు. వలలు ఆరేసిన దడి దాటాను. ఇంకా పైకి. వెంగమ్మ గుడిసె ముందు నుంచి పోతుంటే ఆమె చేపలు తిరగేస్తూ, ఏందబ్బయ్యా, నా మనవడు నిన్ను కొండెక్కిస్తా ఉండాడే అని నవ్వింది. నేనూ నవ్వాను. గొర్రెల దొడ్డి దాటాను. కల్లం దాటాను. పోలేరమ్మ రాయి దాటాను. వాడి చెయ్యి ఊగుతూనే ఉంది. ముందరి కంటే మెల్లిగా ఊగుతోంది, అంతే. చివరకు బండల మధ్య నిలబడ్డాక రెండు చేతులూ చాపాడు. నేను వెనక్కి తిరిగి చూస్తే పల్లె పల్లెంతా నా కాళ్ల కింద ఉంది.

వాడు గొట్టంలోంచి కన్ను తీసి, అంకె పుస్తకంలో రాసుకున్నాడు.

పల్లెకు పైన రాళ్లు నాటాం. సాయంత్రం వెంగమ్మ మా ఇద్దరికీ జొన్న సంగటి, చేపల పులుసు పెట్టింది. దాచి ప్రయోజనం లేదని వాడే చెప్పాడు. కట్ట కడితే నీళ్లు ఆ రాళ్లదాకా వస్తాయని. కట్ట ఎప్పుడు కడతారో తెలియదు, అసలు కడతారో లేదో తెలియదు, కడితే మటుకు అంతే.

వెంగమ్మ బెదరలేదు. కట్టెపుల్లతో పొయ్యి ఎగదోసి, నాకు ఒక పాత సంగతి చెప్పింది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో పెన్న పొంగి పల్లె మీదికి వచ్చిందట. అప్పటి పెద్ద ముత్తైదువ నీళ్ల అంచున ఒక రాయి నాటి, పసుపు రాసి, రవికగుడ్డ చుట్టి, గంగమ్మా ఇది దాటబాకు తల్లీ అని చెప్పింది. దాటలేదు. తర్వాత ఎప్పుడు వరద వచ్చినా ఆ పల్లెలో పెద్ద ఆడమనిషి చేసే పని అదే. పెద్దామె పోయాక వెంగమ్మదే ఆ వంతు. ఆమె నాటిన రాయిని కూడా ఏరు ఇంతదాకా దాటలేదు. నేను కోతలు కోసేవాణ్ణి కదా, ఎదుటివాడు కోసేది ఏదో నాకు తెలుస్తుంది. ఆమె ఒక్క మాట కూడా కొయ్యలేదు.

చెప్పి, మనవడి వైపు తిరిగింది.

“రాయి నాటేది నువ్వే గదరా. నీళ్లకి చెప్పేది నువ్వే. ఇంకొంచెం కిందికి నాటు.”

“నేను నాటితే నీళ్లు ఆగవవ్వా. నీళ్లు యాడ ఆగతాయో చూసి ఆడ నాటినాను.”

“వాటంతట అవే ఆగేటట్టయితే ఇంక రాయెందుకు?”

దానికి జవాబు స్కూల్లో చెప్పి ఉండరు.

“మీ ఓవర్‌సీరయ్యకి మన ఊరు తెలవదు. నీకు తెలవదా?” అంది ఆమె. కోపంగా అనలేదు. బువ్వ సరిగా తినని పిల్లవాణ్ణి అడిగినట్టు అడిగింది.

వాడు సంగటి ముద్ద పళ్లెంలో పెట్టి, ఆ రాయి జరిపితే ఏమవుతుందో కూడా చెప్పాడు. కిందటి నెలలో దిగువ పల్లె ఒకదానిలో ఇద్దరు మనుషులు సర్కారు రాళ్లు పీకి ఏట్లో పారేస్తే, పోలీసులు వచ్చి ఆత్మకూరుకు నడిపించుకుపోయారు. వాళ్లు ఇంకా ఇంటికి రాలేదు. వెంగమ్మ విని, పారెయ్యడం తప్పే గదా, రాయిని ఎవరన్నా పారేస్తారా అంది.

సరిచూసే రోజు వచ్చింది. మల్లికార్జునం గారు ముందుగా వాగు దగ్గర కొలతలు చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. మధ్యాహ్నం బువ్వ తిన్నాక గొట్టాన్ని పల్లెకు ఎదురుగా నిలిపి, మిగిలిన రాళ్లు నువ్వే చదువు, నేను వింటానని నరసయ్యను గొట్టం దగ్గర నిలబెట్టి, తాను గొడుగు కింద కూర్చున్నాడు. నేను కర్ర భుజాన వేసుకుని పల్లెకేసి నడుస్తున్నాను.

నేను ఇంకా దారిలో ఉండగానే వాడు గొట్టంలో చూశాడు. ఏం చూశాడో తర్వాత నాకు చెప్పాడు, ఒకే ఒక్కసారి.

పైన నేల ఉంది. కింద ఆకాశం. ఆ నేలను పాదాలతో పట్టుకుని వేలాడుతూ వాళ్ల అవ్వ నడుస్తోంది. నెత్తిమీద సున్నపు రాయి, రాయికింద చుట్టకుదురు. గొట్టంలో ఆమె పైకి ఎక్కుతున్నట్టు ఉంది. అంటే ఏటి వైపు దిగుతోందన్నమాట. మిగిలిన రాళ్లను ఆడవాళ్లు అప్పటికే దించేశారు. మేము బువ్వ తినే వేళ చూసుకుని, పాత గుంతలు పూడ్చి, పేడతో అలికి మరీ. పెద్దరాయి మాత్రం పెద్దామె వంతు. ఆమె మోకాళ్లు వణుకుతున్నాయని అంత దూరం నుంచి కూడా కనిపించిందట. గొట్టానికి ఆ గుణం ఉంది, దూరంలో ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. పట్టుకుందామని చెయ్యి చాపితే మటుకు అందదు.

ఏం ఆలస్యం అని మల్లికార్జునం గారు అడిగితే, కొండయ్య మామ ఇంకా రాయి దగ్గరికి చేరలేదండీ అన్నాడు.

నేను పోయేసరికి రాళ్లు పల్లెకు దిగువన, వలల దడికి అవతల ఉన్నాయి. వెంగమ్మ నేలమీద కూలబడి, ఆయాసపడుతూ, రాయికి పసుపు పూస్తోంది. చుట్టూ ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకరి మొహంలోనూ దొంగపని చేసిన గుర్తు లేదు. పొంగలి పెట్టినప్పటి మొహాలు అవి. ఆమె నన్ను చూసి రాయి తలమీద తట్టి, “ఈడ పెట్టబ్బయ్యా నీ కర్ర” అంది.

నేను గొట్టం వైపు చూశాను. అంత దూరంలో వాడు అగ్గిపుల్లంత ఉన్నాడు. వాడు చెయ్యి పైకి ఊపితే పైకి పోదామనుకున్నాను. వాడు ఊపలేదు. రెండు చేతులూ బారచాపాడు. అక్కడే ఆగమన్నాడు. నేను ఆగి, కర్ర పెట్టాను.

వాడు చదివిన అంకె తేడాగా వినిపించి, మల్లికార్జునం గారు లేచి వచ్చి గొట్టంలో కన్ను పెట్టగానే తెలిసిపోయింది. గీత వాగు దగ్గర సరిగ్గా వచ్చి, పల్లె దగ్గర గోతిలో పడ్డట్టు దిగిపోయి, బండ దగ్గర మళ్లీ పైకి లేస్తోంది. నీళ్లు అలా నిలవవు. ఆయన నన్ను పిలిచి, రాయి మీదే కర్ర పెట్టావా అని అడిగాడు. రాయి మీదే పెట్టినానండీ అన్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను చెప్పిన నిజాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఇదంత పాడు నిజం ఇంకొకటి లేదు.

తర్వాత ఆయన నరసయ్యను అడిగాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

“ఎవరన్నా రాళ్లు కదిపారా?”

“లేదండీ. నేనే తొమ్మిదిని ఆరు అనుకున్నానండీ.”

“నువ్వు అనుకోవు.”

“అనుకున్నానండీ.”

ఆయన గొడుగు మూసి, ఇసకలో గుచ్చి, మళ్లీ అడిగాడు. ఇంకొకసారి చెప్పమన్నాడు. కదిపారని ఒక్క మాట చెబితే నీ సంతకానికి అడ్డం లేదు, ఆ మాట తర్వాత జరిగేది సర్కారు చూసుకుంటుంది అన్నాడు. ఆ తర్వాత జరిగేది ఏమిటో అందరికీ తెలుసు. ఆత్మకూరు దాకా పోలీసుల ముందు నడవడానికి వెంగమ్మ మోకాళ్లు పనికిరావు.

“నాదే తప్పండీ” అన్నాడు వాడు.

మల్లికార్జునం గారు మంచివాడా చెడ్డవాడా అని నన్ను చాలామంది అడిగారు. నాకు తెలిసి ఆయన మంచివాడే. ఆరుకూ తొమ్మిదికీ తేడా తెలియనివాడికి సంతకం పెడితే, రేపు వాడు కట్టిన కట్ట కింద ఊళ్లు కొట్టుకుపోతాయి, ఆ పాపంలో నాకూ వాటా ఉంటుంది అన్నాడు. అందులో తప్పేముంది? ఆ పూట ఆయన బువ్వ తినలేదు. సంతకం మటుకు పెట్టలేదు. స్కూలు వాళ్లకు ఉన్నది ఉన్నట్టు రాసి పంపాడు, అంటే వాడు చెప్పింది చెప్పినట్టు. వాళ్లు వాణ్ణి మళ్లీ పిలవలేదు.

గుడారాల వైపు నడుస్తుంటే నేను ఉండబట్టలేక అడిగాను. మా ఇంటి ఆనవాయితీ వాడికి ఎప్పుడో చెప్పి ఉన్నాను.

“చెడిన గరిటె చేసినోడికే గదరా. దీన్ని చేసింది నువ్వు కాదే.”

“నన్ను చేసింది ఆమే గదా మామా.”

అంతటితో ఆ మాట అయిపోయింది. అవ్వను గొట్టంలో చూసిన సంగతి చెప్పింది కూడా అప్పుడే.

మర్నాడు మల్లికార్జునం గారు తానే గొట్టం పట్టి, పల్లెకు పైన బండల మధ్య కొత్త రాళ్లు నాటించాడు. పసుపు పూసిన పాత రాళ్లను పీకించలేదు. రాయి కనిపిస్తే పసుపు పూసే దేశంలో మనకెందుకులే అన్నాడు. ఆ పైరాళ్లు ఏందని వెంగమ్మ నన్ను అడిగింది. నరసయ్య పక్కనే ఉన్నాడు. వాడికంటే ముందు నేనే అందుకున్నాను. అవి ఆత్మకూరుకు వేయబోయే బస్సు రోడ్డు రాళ్లని చెప్పాను. రోడ్డు పడ్డాక బస్సు మీ గుడిసె ముందు ఆగుతుందనీ, డ్రైవరు దిగి నీ చేపల పులుసు తినందే కదలడనీ కూడా కలిపాను. ఆమె ఆ మాటకు పళ్లులేని నోటితో నవ్వింది. మనవడు నీళ్లను కిందే ఆపాడు, ఊరికి బస్సు కూడా తెచ్చాడని పల్లెంతా చెప్పుకుంది.

క్యాంపు ఎత్తేశారు. నేను కూడా ఆ ఏడాదితో కర్ర పట్టడం మానేసి ఉదయగిరి చేరాను. నరసయ్య నా వెంట వచ్చాడు. ఎక్కడికి పోవాలో వాడికి తోచలేదు. మా బావమరిది మస్తానయ్య పంచలో కూర్చుని ఉలి పట్టాడు. మొదట చేసిన గరిటె వంకర పోయింది. దాంతోనే తిన్నాడు. ఆ తర్వాత చేసినవి బాగా వచ్చాయి. మస్తానయ్య చేసినవాటి పక్కన పెడితే ఏది ఎవరిదో తెలియనంత బాగా వచ్చాయి. ఆ వంకర గరిటెను విరిచెయ్యొచ్చురా అని మేము ఎన్నిసార్లు చెప్పినా విరవలేదు. దాంతోనే తినేవాడు.

నెలకోసారి తెల్ల చొక్కా తొడుక్కుని అవ్వ దగ్గరికి పోయేవాడు. ఉదయగిరిలో సర్కారు ఉద్యోగం అని ఆమె అనుకుంది. అనుకోనిచ్చాడు. పోయేటప్పుడు ఒక గరిటె తీసుకుపోయేవాడు. ఆఫీసులో ఇస్తారా ఇవి అని ఆమె ఒకసారి అడిగితే, మా ఆఫీసులో ఇవే ఇస్తారవ్వా అన్నాడట. ఆ మాట నాకు వచ్చి చెప్పి, మామా, నీ గాలి నాకు తగిలింది అన్నాడు. అంతకాలంలో వాడు నన్ను ఆటపట్టించింది అదొక్కసారే.

ఆమెకు చివరికాలం దగ్గరపడిందని తెలిసి ఒకసారి నన్ను కూడా తీసుకుపోయాడు. ఆమె గుడిసె ముందు చాపమీద పడుకుని, దిగువన ఉన్న పసుపు రాళ్ల వైపే చూస్తోంది. పిల్లలు వాటి చుట్టూ ఆడుకుంటున్నారు.

“నేను పోతే ఆ రాయికి పైన పెట్టురా నాయనా. నీళ్లు వచ్చేది చూస్తా. కాళ్లు తడవకుండా కూర్చోని చూస్తా.”

అట్టాగే పెడతా అన్నాడు వాడు.

ఈ ఏడు ఎండలు ముదిరినప్పుడు ఆమె పోయింది. ఆత్మకూరు బస్సు కండక్టరు కబురు తెచ్చాడు. మేమిద్దరం ఆత్మకూరు దాకా బస్సులో, అక్కడి నుంచి బండిలో పోయాం. దారిలో నేను ఏ కోతా కోయలేదు. పోయేసరికి పసుపు రాయికి కాస్త పైన, వలల దడి పక్కన మగవాళ్లు గుంత తవ్వడానికి గడ్డపారలు తెచ్చి నిలబడి ఉన్నారు. వాళ్లలో పూడ్చడమే ఆనవాయితీ.

నరసయ్య ఆగమన్నాడు. పోయి పెద్దరాయి చుట్టూ మన్ను తవ్వాడు. ఆడవాళ్లు గోల పెట్టారు. అది ఊరిని కాచే రాయి అన్నారు.

“అవ్వ రాయి. అవ్వతోనే పోతాది” అన్నాడు.

ఆ మాటకు వాళ్లు సర్దుకున్నారు. పెద్దామె వస్తువులు పెద్దామెతో పోయినట్టే అనుకున్నారేమో. మిగతా రాళ్లు ఉన్నాయి కదా అని ఒకామె అంది. వాడు చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, రాయి ఎత్తుకుని మెరక ఎక్కడం మొదలుపెట్టాడు. వలల దడి, గుడిసె, దొడ్డి, కల్లం, పోలేరమ్మ రాయి, ఒక్కొక్కటే దాటాడు. గడ్డపారలు పట్టుకుని మగవాళ్లు వెనకే వచ్చారు. ఆమె ఆ రోజు ఆ బరువుతో ఎలా దిగిందో నాకు అప్పుడు తెలిసొచ్చింది. వయసులో ఉన్నవాడే రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాడు.

పైన బండల మధ్య మల్లికార్జునం గారు నాటించిన రాళ్లకు సున్నం రాలిపోయింది. చాలావాటిని గొర్రెల కాపర్లు పొయ్యిరాళ్లు చేసుకున్నారు. ఒకటి వాగు వైపు మిగిలింది. దాని పక్కన ఒక మట్టి మూకుడులో నీళ్లు పోసి పెట్టి, వాడు నేలమీద బోర్లా పడుకుని ఆ నీళ్ల అంచు మీదుగా ఒంటికన్నుతో చూశాడు. గొట్టం లేదు, ఆ నీళ్లే మట్టం. లోకం తిన్నగానే ఉంది. నాకు ఒక వెదురు కర్ర ఇచ్చి బండల వైపు పంపాడు. పాత అలవాటే కదా, నిలబడ్డాను.

వాడు చెయ్యి పైకి ఊపాడు. నేను కొంచెం ఎక్కాను. మళ్లీ ఊపాడు. ఇంకా ఎక్కి, ఇక చాల్లేరా, ఎప్పుడో దాటేసినాం గీత అని కేక వేశాను.

“ఇంకొంచెం పైకి మామా” అన్నాడు. “కాళ్లు తడవగూడదు.”

ఇంకొంచెం ఎక్కాను. అప్పుడు వాడు లేచి నిలబడి, రెండు చేతులూ బారచాపాడు. నేను ఆగాను.